సీట్ల కంటే ముందు ట్రైనీల బాగోగులు రాయండి: డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ గారికి బహిరంగ లేఖ

వైస్ చాన్సలర్ గారికి,



నేను విజయవాడలో పనిచేస్తున్న క్లినికల్ సైకాలజిస్టుని. ఎం.ఏ. చదువుతూ నా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన పిల్లలు చాలామంది పై శిక్షణ కోసం బెంగళూరో, సికింద్రాబాదో, రాంచీయో వెళ్లారు. కొందరు పూర్తిచేసి వచ్చారు. కొందరు మధ్యలోనే మానేసి వచ్చారు. మానేసినవాళ్లలో తెలివి చాలనివాళ్లు ఒక్కరూ లేరు. వాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. 1986 నవంబర్ 1న ఈ ఊళ్లోనే మొదలైన మీ విశ్వవిద్యాలయం రాష్ట్రంలో వైద్య విద్య ఎలా నడవాలో నిర్ణయిస్తుంది కాబట్టి మీకు రాస్తున్నాను.

నా కోరికలు రెండు. క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ శిక్షణను, అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ కోర్సును, విజయవాడలో మీ ఆధ్వర్యంలో మొదలుపెట్టండి. ఇది మొదటిది. ఆ కోర్సులో చేరే ట్రైనీని ఎవరు ఎలా చూసుకుంటారో, సీట్ల సంఖ్య తేల్చకముందే రాతపూర్వకంగా తేల్చండి. ఇది రెండోది. రెండోది జరగకపోతే మొదటిది జరగకపోయినా నాకు బాధ లేదు.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. మన దేశంలో ఈ వృత్తి శిక్షణ 1955లో బెంగళూరులో, తర్వాత నిమ్హాన్స్‌గా మారిన సంస్థలో, ఒక డిప్లొమాగా మొదలైంది. తర్వాత అది రెండేళ్ల ఎం.ఫిల్. అయింది. కొన్ని దశాబ్దాలుగా మా వృత్తిలోకి వచ్చే ప్రధాన ద్వారం అదే. 2020 జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్. డిగ్రీనే తీసేయమంది. యూజీసీ 2022 నిబంధనల్లో దాన్ని ఆపేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కి మాత్రం 2024 జనవరిలో మినహాయింపు ఇచ్చి 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువు పొడిగించింది. అంటే ఈ చదువు రూపం దేశమంతటా మారుతున్న సమయం ఇది. డాక్టర్ ఆఫ్ సైకాలజీ అనే డిగ్రీ 1968లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. పరిశోధకుడి కంటే ముందు చికిత్స చేయగల మనిషిని తయారుచేయడం దాని ఉద్దేశం. మన దేశంలో రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దాన్ని ఎం.ఏ. తర్వాత నాలుగేళ్ల కోర్సుగా రూపొందించింది. పాత ఎం.ఫిల్. పద్ధతిలో ఉన్న దురలవాట్లన్నీ కొత్త డిగ్రీలోకి అలాగే దిగుమతి కాకముందే మాట్లాడాలి.

కృష్ణా డెల్టాకి ఈ శిక్షణ ఎందుకు కావాలో పెద్దగా వాదించనక్కర్లేదు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ మునిగింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. ఆ రాత్రి చెట్టు కొమ్మ పట్టుకుని బతికిన మనుషులు నాగాయలంకలో, కోడూరులో, అవనిగడ్డలో ఇంకా ఉన్నారు. వాళ్లకు బియ్యం వచ్చాయి, ఇళ్లు కట్టించారు. నీళ్లలో చెయ్యి జారిపోయిన బిడ్డ గురించి కూర్చోబెట్టి వినే వృత్తి ఒకటుందని అప్పట్లో ఇక్కడ దాదాపు ఎవరికీ తెలియదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట జనం రోజుల తరబడి మేడల మీద గడిపారు. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు డ్రోన్ల మీద వచ్చాయి. నీళ్లు తీశాక మాలాంటివాళ్లతో అవసరం మొదలైంది. అప్పటికి మేం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి.

ఇక గూడవల్లి, పోరంకి, నిడమానూరు వైపు ఉన్న ఇంటర్ హాస్టళ్ల గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టాలని ఆ తీర్పు చెబుతోంది. కేసు మన రాష్ట్రానిది. తీర్పు దేశమంతటికీ. ఒక్క విజయవాడ చుట్టుపక్కల కాలేజీలకే ఎంతమంది కావాలో లెక్క వేయించండి. వాళ్లలో తీవ్రమైన కేసు వస్తే ఎవరి దగ్గరికి పంపాలో కూడా ఆలోచించండి.

2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. సర్వే జరిగినచోట, సమస్య ఏదన్నదాన్ని బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. మన దగ్గర పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఉందనుకోవడానికి నాకు కారణం కనిపించదు. ఇది చెప్పేటప్పుడు ఒక విషయం బాధగా ఉంటుంది. సైకాలజీ మన జిల్లాకి పరాయి శాస్త్రమేమీ కాదు. కృష్ణా డెల్టాలో పుట్టిన కోనేరు రామకృష్ణారావు గారు ఆంధ్రా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు, సైకాలజీలో ప్రపంచానికి తెలిసిన పేరు. శాస్త్రంలో అంత పెద్దవాళ్లను కన్న నేలకి, రోగి పక్కన కూర్చునే సైకాలజిస్టులు మాత్రం ఇన్నేళ్లయినా చాలినంతమంది లేరు.

అందుకని రేపే సీట్లు ప్రకటించమని అడగడం నాకు తేలిక. అలా అడగడం లేదు. ఈ శిక్షణ లోపల ఏం జరుగుతుందో ముందు మీరు వినాలి.

చేరేనాటికి ట్రైనీకి ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. ఎక్కువమంది అమ్మాయిలు. ఇంట్లో పిన్ని, మేనత్త అందరూ అడిగే ప్రశ్న ఒకటే, ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ చదువు అని. చదివేదేమిటో ఇంట్లోవాళ్లకి సరిగ్గా తెలియదు. డాక్టరా అంటే కాదు, టీచరా అంటే కాదు. ప్రైవేటు సంస్థలో అయితే ఫీజు లక్షల్లో ఉంటుంది, హాస్టల్ ఖర్చు వేరు. పొద్దున ఓపీలో ఇన్‌టేక్, మధ్యాహ్నం వార్డు, సాయంత్రం కేస్ ప్రెజెంటేషన్‌కి తయారీ, రాత్రి రిపోర్టులు, ఆదివారం డిసర్టేషన్. అదే వార్డులో, అదే రోగి పక్కన, అదే వయసున్న సైకియాట్రీ పీజీ నిలబడి ఉంటాడు. అతనికి ప్రభుత్వం స్టైపెండ్ ఇస్తుంది. సైకాలజీ ట్రైనీ చాలాచోట్ల ఎదురు డబ్బు కట్టి ఆ రోగికి సేవ చేస్తుంది. నిమ్హాన్స్ లాంటి కొన్ని కేంద్ర సంస్థలు స్టైపెండ్ ఇస్తాయి గానీ అక్కడ సీట్లు అతి తక్కువ. దీన్ని నేను అన్యాయం అనే అంటాను, ఇంకే మెత్తని మాటా వాడను. ఈ అన్యాయం ఎవర్ని బయటికి నెడుతుందో కూడా చూడాలి. అవనిగడ్డ కౌలురైతు కూతురు, పెడన కలంకారీ పనివాడి కొడుకు ముందు పోతారు. డబ్బున్నవాళ్లు మిగులుతారు. తర్వాత అవనిగడ్డకీ పెడనకీ సైకాలజిస్టు ఎందుకు రావడం లేదని మనమే సమీక్షా సమావేశాలు పెట్టుకుంటాం.

డబ్బు బాధ బయటికి కనిపించేది. కనిపించనిది సూపర్‌విజన్. మా చదువుకి ప్రాణం అది. పుస్తకం చదివి, క్లాసు విని చికిత్స చేయడం రాదు. రోగితో ట్రైనీ గంటసేపు కూర్చుంటుంది, తర్వాత తన సీనియర్‌తో కూర్చుని ఆ గంటలో ఏమైందో మాటమాటకీ చెబుతుంది. రోగి ఏమన్నాడు, తను ఏమంది, ఎక్కడ భయపడింది, ఎక్కడ తొందరపడి ఓదార్చేసింది, రోగి కళ్లనీళ్లు పెట్టుకున్నప్పుడు తన మనసులో ఏం కదిలింది. చివరిది అడగడం అన్నిటికంటే ముఖ్యం. ఇంటి మగవాళ్ల చేతిలో చిన్నప్పుడు లైంగిక హింసకు గురైన పిల్ల కథ మొదటిసారి విన్న ట్రైనీ, ఆ రాత్రి హాస్టల్ గదిలో ఏం చేస్తుంది? తనకూ చిన్నప్పుడు అలాంటిది జరిగి ఉంటే? ఈ ప్రశ్నలకు సమయం కావాలి, తలుపు వేసిన గది కావాలి. చాలాచోట్ల జరిగేది వేరు. సీనియర్ ఓపీ నుంచి వార్డుకి నడుస్తుంటే ట్రైనీ పక్కనే నడుస్తూ రెండు నిమిషాల్లో కేసు చెబుతుంది. లాగ్‌బుక్‌లో సంతకం పడుతుంది. కాగితం మీద గంట సూపర్‌విజన్ జరిగినట్టే లెక్క.

సీనియర్లది తప్పని నేను అనను. ఒక్కొక్కరి మీద ఓపీ భారం, సర్టిఫికెట్ల భారం, పరిపాలన భారం ఎంతుందో నాకు తెలుసు. అందుకే నియమం కావాలంటున్నాను. వారానికి ఒక గంట, ట్రైనీకి విడిగా, ఆ గంట ఎవరి డ్యూటీ చార్టులో చూసినా పనిగంటగా కనిపించాలి. మంచితనం మీద నడిచేది రద్దీ రోజున ఆగిపోతుంది.

ఒక సంగతి చెబుతాను. పొరుగు రాష్ట్రంలోని ఒక సంస్థలో శిక్షణ పొందుతున్న ఒకమ్మాయి, నా దగ్గర పనిచేసి వెళ్లిన పిల్ల, రెండో ఏడు చదువుతుండగా ఒక రాత్రి ఫోన్ చేసింది. తను కొన్ని వారాలుగా చూస్తున్న రోగి రెండు సెషన్ల మధ్య ఆత్మహత్య చేసుకున్నాడు. మర్నాడు పొద్దున తనని పిలిచి మొదట అడిగింది కేస్ ఫైలు పూర్తిగా ఉందా లేదా అని. రిస్క్ అసెస్‌మెంట్ కాగితం ఉందా, తేదీ వేశావా, సంతకం ఉందా. ఆ వారంలోనే తనకి ఇంటర్నల్ వైవా ఉంది, వాయిదా వేయలేదు. వైవాలో ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేయడం మీద ప్రశ్న అడిగారు, పాఠంలో ఉన్నట్టు తను జవాబు చెప్పింది, మంచి మార్కులు వచ్చాయి. ఇదంతా నాకు చెబుతున్నప్పుడు తన గొంతులో ఏ మార్పూ లేదు. నాకు భయమేసింది అందుకే. ఏడ్చినా, తిట్టినా నాకు ఇంత భయం ఉండేది కాదు. ఎవరితోనైనా మాట్లాడావా అమ్మా అని అడిగితే, ఎవరితో మాట్లాడనండీ, ఇక్కడ అందరూ నాకు మార్కులు వేసేవాళ్లేగా అంది.

ఈ ఉత్తరంలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోమంటే ఆ పిల్ల అన్న ఆ మాటే గుర్తుపెట్టుకోమంటాను. ఈ శిక్షణలో ఉన్న అసలు లోపం అందులో ఉంది. నేర్పేది వాళ్లే, సంతకం పెట్టేది వాళ్లే, వైవాలో కూర్చునేది వాళ్లే, డిసర్టేషన్ గైడూ వాళ్లే, రేపు ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం ఇవ్వాల్సిందీ వాళ్లే. నిద్ర పట్టడం లేదని, ఫలానా రోగిని చూడాలంటే ఒళ్లు వణుకుతోందని ట్రైనీ ఎవరికి చెప్పుకోవాలి? చెబితే ఈ వృత్తికి పనికిరాదన్న ముద్ర పడుతుందని భయం. దాంతో దాచడం నేర్చుకుంటుంది. దాచడం బాగా వచ్చినవాళ్లే గట్టివాళ్లుగా పేరు తెచ్చుకుంటారు. అలా నాలుగేళ్లు తన బాధ దాచుకోవడం అలవాటైన మనిషి, ఎదుటివాళ్ల దాచుకున్న బాధని ఎలా బయటికి రప్పిస్తుంది?

పరిష్కారం కష్టమైందేమీ కాదు. మార్కులతో, సంతకాలతో, హాజరుతో ఏ సంబంధమూ లేని ఒక సీనియర్‌ని ప్రతి ట్రైనీకి మొదటి రోజు నుంచే కేటాయించాలి. ఆ మనిషి ఇదే విభాగంలో పనిచేయకూడదు. ట్రైనీ చెప్పింది, ప్రాణాపాయం ఉంటే తప్ప, విభాగాధిపతికి చేరకూడదు. రోగి ఆత్మహత్య చేసుకుంటే, లేదా ట్రైనీ మీద వార్డులో దాడి జరిగితే, మొదటి 24 గంటల్లో ఎవరు ఆమెతో కూర్చోవాలో, ఎన్ని రోజులు కొత్త కేసులు ఇవ్వకూడదో, ఆ వారంలో పరీక్ష ఉంటే ఎవరు వాయిదా వేయాలో ముందే రాసిపెట్టాలి. ఫైలు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ మన డెల్టాకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బెంగళూరులో ట్రైనీకి ఎవరూ తెలియకపోవడం ఒక కష్టం. విజయవాడలో అందరికీ అందరూ తెలియడం దానికి తీసిపోని కష్టం. ఓపీలో రోగి తల్లి మొదట అడిగేది మీదే ఊరమ్మా, ఎవరి అమ్మాయివి అని. ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుంది, ఆ తర్వాత మాట తీరు మారుతుంది, కొన్నిసార్లు ట్రైనీనే మార్చమంటారు. దళిత కుటుంబం నుంచి వచ్చిన ట్రైనీకి ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని రోజువారీ అనుభవం. దాని గురించి సూపర్‌విజన్‌లో మాట్లాడే అలవాటు ఉండాలి, లేకపోతే ఆమె దాన్ని తన చేతగానితనం అనుకుంటుంది. అలాగే ట్రైనీ తన కోసం థెరపీకి వెళ్లాలనుకుంటే ఈ ఊళ్లో ఉన్న కొద్దిమంది థెరపిస్టుల్లో ఒకరు తన టీచరు, ఇంకొకరు టీచరు స్నేహితురాలు, మరొకరు మేనమామకి తెలిసినవాళ్లు. అందుకని హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లోని తెలుగు తెలిసిన థెరపిస్టులతో విశ్వవిద్యాలయమే ఒప్పందం చేసుకుని, కొన్ని సెషన్ల ఖర్చు తనే భరించి, ఎవరు వెళ్లారన్న వివరం తన దగ్గరికి రాకుండా ఏర్పాటు చేయాలి. టెలీ మానస్ 14416 అందరికీ ఉంది, మంచి సేవే, కానీ అక్కడ ఫోన్ ఎత్తేది రేపటి సహోద్యోగి కావచ్చునన్న జంకు మా పిల్లలకు ఉంటుంది.

తెలుగు సంగతి కూడా ఇందులోదే. రాష్ట్రం బయట చదివిన మన ట్రైనీలు రోగితో కన్నడంలోనో హిందీలోనో తడబడుతూ మాట్లాడి, రాత్రికి ఇంగ్లీషులో రాసి, మర్నాడు ఇంగ్లీషులో చెబుతారు. తిరిగి వచ్చాక బందరు రోగి చెప్పేది వినడానికి మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. తెలివితేటల పరీక్షలూ అంతే. బినే-కామత్, మాలిన్ పరీక్షలు వేరే ప్రాంతాల పిల్లల మీద తూచి తయారుచేసినవి. వాటిని ట్రైనీ అప్పటికప్పుడు తెలుగులోకి మార్చుకుని అడుగుతుంది, ఆ మార్చడం సరైందో కాదో చెప్పేవాళ్లుండరు. విజయవాడలో కోర్సు పెడితే తెలుగులోనే సెషన్, తెలుగులోనే సూపర్‌విజన్ సాధ్యమవుతుంది. డిసర్టేషన్లలో కొన్నిటిని ఈ పరీక్షలకు తెలుగు ప్రమాణాలు తయారుచేయడానికి కేటాయిస్తే పదేళ్లలో రాష్ట్రమంతా వాడుకునే సామగ్రి సిద్ధమవుతుంది.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి వైకల్య సర్టిఫికెట్లు ఇచ్చే సదరం గురించి కూడా చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో సదరం క్యాంపు రోజున మేధోవైకల్యం సర్టిఫికెట్ల కోసం ఎంత క్యూ ఉంటుందో మీకు తెలుసు. ఆ పిల్లలకు సర్టిఫికెట్ రావాలి, పింఛను రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ క్యూ తగ్గించే యంత్రాంగంగా ట్రైనీలను వాడుకోవద్దు. కోర్సు కాలంలో పెద్ద భాగం ఐక్యూ పరీక్షలు చేయడంతోనే గడిచిపోయినవాళ్లను నేను చూశాను. డిగ్రీ చేతికొచ్చేనాటికి ఒక్క రోగిని కూడా మొదటి సెషన్ నుంచి చివరి సెషన్ దాకా నడిపించి ఉండరు. పోస్టింగులు సిద్ధార్థ మెడికల్ కాలేజీ, విజయవాడ జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్‌తో ఆగకుండా 2023లో మొదలైన మచిలీపట్నం, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలలకూ, అవనిగడ్డ ఆసుపత్రికీ విస్తరించాలి. అయితే అక్కడికి పంపేముందు ఉండటానికి గది, రాత్రి ప్రయాణానికి వాహనం, ఫోన్‌లో అందుబాటులో ఉండే సూపర్‌వైజర్ ఉన్నారో లేదో చూడాలి. ఆడపిల్లను ఒంటరిగా ఇళ్ల సందర్శనకు పంపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇవన్నీ గొంతెమ్మ కోరికలని అనిపిస్తే బ్రిటన్ వైపు ఒక్కసారి చూడండి. అక్కడ క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ మూడేళ్లు. ట్రైనీ అక్కడి జాతీయ ఆరోగ్య సేవలో ఉద్యోగి, నెలనెలా జీతం, సెలవులు ఉంటాయి. కేసులు చూసే సూపర్‌వైజర్ వేరు, బాగోగులు చూసే ట్యూటర్ వేరు. అయినా డీలియా కుష్‌వే 1992లో ప్రచురించిన అధ్యయనంలో ఆ ట్రైనీల్లో 59 శాతం మంది చెప్పుకోదగ్గ మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు తేలింది. జీతం ఉన్నచోటే అంత ఉంటే, ఫీజు కట్టే చోట ఎంత ఉంటుంది? ఆ దేశం వాళ్లు తమ ట్రైనీల బాధను లెక్క తీసి, ప్రచురించి, చర్చించుకున్నారు. దాన్ని నేను వాళ్ల జీతాలకంటే ఎక్కువగా గౌరవిస్తాను.

మన దేశంలో లెక్క తీయడం తెలియదనీ కాదు. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పారు. పీజీల్లో 31.2 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్టు తేలింది. పీజీలకు వారానికి 74 గంటలు మించి పని ఉండకూడదని, వారానికో రోజు సెలవు ఉండాలని ఆ నివేదిక సిఫారసు చేసింది. మీ పరిధిలోని కళాశాలలకు ఆ నివేదిక అందే ఉంటుంది. అదే వార్డులో పనిచేసే సైకాలజీ ట్రైనీలు ఆ సర్వేలో లేరు. వాళ్ల చదువు వేరే కౌన్సిల్ కింద ఉంది కాబట్టి ఎవరూ వాళ్లను అడగలేదు. మీ కోర్సులో చేరే మొదటి బ్యాచ్ నుంచే ఏటా అడగండి, పేర్లు లేకుండా, బయటి మనుషులతో అడిగించండి, ఫలితం ప్రచురించండి. సిఫారసు చేసిన ఆ పనిగంటల పరిమితినీ, వారానికో రోజు సెలవునీ వీళ్లకూ వర్తింపజేయండి. పీహెచ్‌డీ చేసే మహిళలకు యూజీసీ ఇచ్చిన 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఈ కోర్సులోనూ ఉండాలి. బిడ్డని కన్నందుకు హాజరు చాలక ఏడాది పోగొట్టుకున్నవాళ్లు మా వృత్తిలో ఉన్నారు.

కష్టపడకుండా నేర్చుకునేదేముంది, మేమూ ఇలాగే చదివాం కదా అనేవాళ్లు మీ అకడమిక్ కౌన్సిల్‌లోనే ఉంటారు. వాళ్లకు నా జవాబు ఇది. కష్టం వద్దని ఏ ట్రైనీ అనదు. ఏడుస్తున్న మనిషి ఎదుట కూర్చోవడమే కష్టం, ఆత్మహత్య ఆలోచన గురించి సూటిగా అడగడం కష్టం, మారని రోగితో నెలల తరబడి ఓపిక పట్టడం కష్టం. ఆ కష్టం ఈ పనిలోనే ఉంది, దాన్ని ఎవరూ తీసేయలేరు. కేస్ ప్రెజెంటేషన్‌లో అందరి ముందూ పరువు తీయడం, చేయని గంటకి సంతకం పెట్టించుకోవడం, అద్దె కోసం అప్పు చేయించడం ఆ పనిలో భాగం కాదు. వాటివల్ల ఎవరికీ మంచి థెరపీ రాదు. ఈ మాట మాత్రం నా అనుభవం మీద గట్టిగా చెప్పగలను.

ఖర్చు గురించి అడుగుతారు. మొదట ఎనిమిది మందితో మొదలుపెట్టండి. ఎనిమిది మందికి సైకియాట్రీ పీజీతో సమానమైన స్టైపెండ్, ముగ్గురు నలుగురు పూర్తికాలపు అధ్యాపకులు, బయటి థెరపీకి కొంత నిధి. రాష్ట్ర వైద్య బడ్జెట్‌లో ఇది ఏ మూలకీ రాదు. అలా బయటికొచ్చిన ఎనిమిది మందీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో చేరితే, ఆ బృందాల్లో క్లినికల్ సైకాలజిస్టు పోస్టుకి అర్హులైన మనుషులు దొరుకుతారు. నలభై సీట్లు ప్రకటించి ఇద్దరు అధ్యాపకులతో నడపడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. అలా నడిపే పక్షంలో దయచేసి మొదలుపెట్టకండి.

ట్రైనీలకు కూడా ఒక మాట. మీలో ఎవరికైనా ఈ ఉత్తరం చేరితే, మీ అనుభవం రాసి విశ్వవిద్యాలయానికి పంపండి, పేరు లేకపోయినా ఫరవాలేదు. తల్లిదండ్రులారా, కోర్సులో చేర్చే ముందు సీటు ఎంతని అడుగుతున్నారు కదా, వారానికి ఎన్ని గంటల సూపర్‌విజన్ ఇస్తారని, స్టైపెండ్ ఉందా అని, మా అమ్మాయికి కష్టమొస్తే ఎవరితో మాట్లాడాలని కూడా అడగండి. జవాబు చెప్పలేని చోట చేర్చకండి.

వైస్ చాన్సలర్ గారూ, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018లో అమలైంది. ఆ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, మానసిక ఆరోగ్య సిబ్బందిని తయారుచేసే శిక్షణ కోర్సులను ఉన్నత విద్యాసంస్థలతో కలిసి నడపడం ప్రభుత్వ బాధ్యత. అంతర్జాతీయంగా ఆమోదించిన ప్రమాణాలకు తగినంత మందిని పదేళ్లలో సిద్ధం చేసుకోవాలని కూడా అందులోనే ఉంది. ఆ పదేళ్లు 2028తో నిండుతాయి. నాలుగేళ్ల కోర్సు ఇప్పటికిప్పుడు మొదలుపెట్టినా మొదటి బ్యాచ్ ఆ గడువు దాటాకే బయటికొస్తుంది. కాబట్టి ఇంకా ఆలస్యం చేయవద్దని ఒకవైపు, తొందరలో ట్రైనీల సంగతి మర్చిపోవద్దని మరోవైపు వేడుకుంటున్నాను. నోటిఫికేషన్ వెలువడే రోజున సీట్ల సంఖ్య పక్కనే స్టైపెండ్ ఎంతో, సూపర్‌విజన్ గంటలు ఎన్నో, మార్కులు వేయని ఆ సీనియర్ ఎవరో కూడా అచ్చువేయండి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక క్లినికల్ సైకాలజిస్టు